తొక్కల్లో కరెంటు

2021 జనవరిలో మా బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ పేరు దేశమంతా మోగింది. అమ్ముడుపోక కుళ్ళిన కూరగాయలతో అక్కడ కరెంటు తీస్తున్నారని ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్నారు. రోజుకు 10 టన్నుల చెత్త, దాన్నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, పైగా క్యాంటీన్ పొయ్యికి గ్యాసు!

మా ఇంట్లో అందరూ మురిసిపోయారు. మురిసినవాళ్ళే అరటితొక్కల మీద చిప్స్ ప్యాకెట్ పడేశారు.

కిటుకంతా యంత్రంలోనే లేదండీ. తొక్కల్ని సూక్ష్మజీవులు తిని గ్యాసు చేస్తాయి, ప్లాస్టిక్‌ని ముట్టవు. అందుకే తడి చెత్త, పొడి చెత్త ముందే విడదీయాలి. బయట ఎవరైనా ఆ పని చేస్తే జీతం. ఇంట్లో అయితే “అమ్మ చూసుకుంటుందిలే.”

‘ఆలుమగలు’ ద్వంద్వ సమాసమని బి.ఏ.లో చదువుకున్నాను. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యమట! చెత్తబుట్ట దగ్గరికొచ్చేసరికి ఆ వ్యాకరణం మారిపోతుంది. విడదీసే పని ఆడవాళ్ళది, వార్త చదివి గర్వపడే పని మిగతావాళ్ళది.

మెచ్చుకోళ్ళు తర్వాత. ఎవరు తిన్న ప్యాకెట్ వాళ్ళే పొడి బుట్టలో వేస్తే చాలు. అంతకన్నా పెద్ద దేశసేవ మా వంటింటికి అక్కర్లేదు. ఏమంటారు?