అన్నము పెట్టు చదువు

పరీక్షా ఫలితములు వెలువడు దినములలో మన పట్టణములందలి యిండ్లలో జరుగు సంభాషణములు మేమెఱుగనివి కావు. కుమారుడు ఇంజనీరింగునందు చేరెదననినచో తండ్రి మోము వికసించును. వైద్యమనినచో వీధి వీధియంతయు వినును. హోటలు మేనేజిమెంటు పట్టమునకు చదివెదనని యొక బాలుడు నోరు విప్పెనా, ఇంటిల్లిపాదియు ఒక్క క్షణము మౌనము వహింతురు. పిదప ఎవరో యొకరు, సాధారణముగా మేనమామగారు, “గరిటె తిప్పుటకును డిగ్రీయేనా?” అని నవ్వుదురు. ఆ నవ్వును గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

ఈ నవ్వు నిన్న మొన్న పుట్టినది కాదు. అన్నము పెట్టదగినదే గాని అమ్మదగినది కాదని మన పూర్వులు తలచిరి. అన్నవిక్రయమును పాపములలో చేర్చి లెక్కించిరి. సత్రము కట్టించినవాడు ధర్మాత్ముడయ్యెను; రొక్కము పుచ్చుకొని వండిపెట్టినవారు చులకనయైరి. గోదావరి సీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ గాని వేళ వచ్చిన బాటసారికి సయితము పొయ్యి రాజేసి వండి వడ్డించిరి. ఆమెను ఆంధ్రదేశము అన్నపూర్ణయని కొలిచినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆ తల్లి పేరే పెట్టినది. ఇది మెచ్చదగిన పనియే. కాని మఱియొక స్త్రీని గూడ తలపునకు దెచ్చుకొనుడు. 1897లో అచ్చయిన కన్యాశుల్కమునందు గురజాడవారు పూటకూళ్లమ్మను చూపిరి. ఆమె చేయునదియు వండి పెట్టుటయే. ఆ నాటకమున ఆమెకు పేరైనను లేదు, వృత్తియే పేరు. గిరీశము ఆమె సొమ్ము కాజేసినప్పుడు మనము గిరీశముతో గలిసి నవ్వుదుము గాని ఆమె కష్టార్జితమును గూర్చి చింతింపము. కవిగారు ఉన్న లోకమును ఉన్నట్లు చూపిరి. తప్పు కవిది కాదు, నవ్విన మనదే.

అయితే తెలుగువారు ఎల్లకాలమును ఇట్లే యుండిరనుకొనుట పొరపాటు. ఓరుగల్లు నగరమును వర్ణించిన క్రీడాభిరామమునందు లక్ష్మణవజ్ఝల యింటి పూటకూటిని కవి నోరూరునట్లు చెప్పినాడు. ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు టన్నము, గోధుమపిండివంట, పెసరపప్పు, క్రొత్త నెయ్యి, అరటిపండ్లు, కూరలు, గడ్డ పెరుగు. భోజనపు పట్టిక, దాని వెల, వడ్డించు ఇంటి పేరు, ఈ మూడును అందున్నవి. నేటి హోటలు ప్రకటనలో ఇంతకంటె నేమున్నది? వెలయిచ్చి తినుటయందు గాని, వెలకు పెట్టుటయందు గాని ఆ కవికి సిగ్గు తోపలేదు. ఆ సిగ్గు మనకెప్పుడు వచ్చినదో పండితులు తేల్తురు గాక. పోవలసినదని మాత్రము మా అభిప్రాయము.

ఇంతకును ఆ చదువులో నేమున్నదో తెలియకయే నవ్వువారు పెక్కురు. హోటలు పాఠశాలలలో మొదటిదిగా పేరొందినది స్విట్జర్లాండునందలి లొజాన్ నగరమున 1893లో వెలసినది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయము 1922లో ఈ విద్యను తన శాఖలలో చేర్చుకొన్నది. మన దేశమున దీనికి పునాది వేసినది పురుషులు కారు. 1954లో బొంబాయిలో లీలావతీ మున్షీగారి నాయకత్వమున స్త్రీల సంఘమొకటి మొదటి కేటరింగు కళాశాలను నెలకొల్పినది. వంట యింటి పనియేయని స్త్రీలను పరిహసించు దేశములో, ఆ వంటకు పాఠ్యక్రమము, ప్రయోగశాల, పరీక్ష కల్పించినవారు స్త్రీలే యగుట గమనింపదగిన విషయము. 1982లో కేంద్ర ప్రభుత్వము జాతీయ మండలి నొకదానిని స్థాపించి ఇట్టి విద్యాలయములన్నిటికిని ఒకే పాఠ్యక్రమమును ఏర్పఱచెను. హైదరాబాదు విద్యానగరునందలి సంస్థ ఆ కోవలోనిదే. ప్రవేశమునకు దేశవ్యాప్తముగా పరీక్ష కలదు, చదువు మూడేండ్లు.

ఆ మూడేండ్లలో బాలుడు గరిటె త్రిప్పుట యొక్కటే నేర్వడు. వంట, వడ్డన, గదుల పరిశుభ్రత, వచ్చిన అతిథి నెదుర్కొని లెక్క తేల్చి పంపు కార్యాలయపు పని అనునవి ప్రధాన శాఖలు. ఒక బస్తా ఉల్లిగడ్డలలో తొక్కయు కుళ్లును పోగా పొయ్యిమీదికి వచ్చునదెంత, ఆ లెక్కను ఒక గిన్నె కూరకు పడు ఖర్చెంత అని తేల్చనేరనివాడు ఎంత కమ్మగా వండినను ఏడాదిలో తలుపులు మూసికొనును. వండిన పదార్థము 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమనున్న వేడిమియందు నిలువయున్నచో అందు సూక్ష్మజీవులు వేగముగా పెరుగునని అతడు నేర్చును. మన పెండ్లిండ్లలో ఉదయము దింపిన కూర రాత్రి బంతివఱకు మూతక్రింద మ్రగ్గుటయు, మఱునాడు మగపెండ్లివారు మూకుమ్మడిగా వైద్యుని యింట దిగుటయు ఎఱుగనివారెవరు? ఆ విందునకు పెద్దయై నిలిచినవానికి ఈ చదువున్నచో ఎంత బాగుండెడిదో మేనమామగారే చెప్పవలెను.

పట్టము లేకయే పైకి వచ్చినవారు లేరా యని అడుగుదురు. ఉన్నారు. మోహన్ సింగ్ ఒబరాయ్ 1922లో సిమ్లాలోని హోటలొకదానియందు చిన్న గుమాస్తాగా చేరి, 1934లో ఉన్నదంతయు తాకట్టుపెట్టి, భార్య నగలు సయితమమ్మి, స్వంత హోటలు సంపాదించెను. కాని అట్టివాడొకడు పైకి వచ్చెనని చెప్పి వేలమంది బాలురను గుడ్డిగా పనిలోనికి త్రోయుట న్యాయము కాదు. ఆయన నెలకొల్పిన సంస్థయే 1966లో శిక్షణాలయము పెట్టినదన్న సంగతిని ఈ వాదము చేయువారు మఱతురు.

ఇక గౌరవము మాట. 1903లో జంషెడ్జీ టాటా బొంబాయి సముద్రతీరమున తాజమహల్ హోటలు తెఱచినప్పుడు తెల్లవారి హోటళ్లకు తీసిపోనిదానిని భారతీయుడు కట్టగలడని లోకమునకు చాటెను. అదే భవనమున 2008 నవంబరు 26వ తేదీ రాత్రి తుపాకుల మ్రోతల నడుమ అక్కడి వంటవారు, వడ్డనవారు, టెలిఫోనువారు పాఱిపోక నిలిచి, అతిథులను వంటయింటి దారులగుండ వెలుపలికి పంపిరి. కొందఱు తమ ప్రాణములనే యొడ్డిరి. అతిథిని దేవునిగా చూడుమని తైత్తిరీయోపనిషత్తు చెప్పినదని వేదికలపై ఉపన్యసించువారు మనలో కొల్లలు. ఆ రాత్రి దానిని చేసి చూపినవారు గరిటె త్రిప్పువారే.

ఇంతవఱకు మేనమామగారితో వాదించితిమి. ఇప్పుడు కళాశాలలవారితోను హోటళ్ల యజమానులతోను మాటలాడవలసియున్నది. మా ఆందోళనమంతయు ఇచ్చటనే.

ఈ పట్టమునకు చదువు విద్యార్థి కొన్ని నెలలపాటు హోటలునందు శిక్షణ పొందవలెను. ఉద్దేశము మంచిదే. ఈత పుస్తకములో రాదు గదా. కాని ఆ నెలలలో జరుగుచున్నదేమి? శిక్షణ ముగించి వచ్చిన యువకుడొకడు ఇటీవల మా కార్యాలయమునకు వచ్చి తన మాట చెప్పెను. మొదటి నెలన్నర దినములు అతనికిచ్చిన పని ఉల్లిపాయలు ఒలుచుటయు వెల్లుల్లి విడదీయుటయు. పెండ్లి ముహూర్తముల దినములలో పండ్రెండు గంటలు, ఒక్కొక్కప్పుడు పదునాలుగు గంటలు నిలుచుండవలెను. చేతికి వచ్చినది బస్సు చార్జీలకు చాలీచాలని భృతి. “నాకు సాసు చేయుట నేర్పుడు” అని అడిగినచో పెద్ద వంటవాడు, “ఈ పూట గడవనిమ్ము” అనెడివాడట. ఆ పూట నెలలు గడచినను గడవలేదు. అతడు ఆ హోటలు పేరు చెప్పెను, మేము వ్రాయము. ఏలయన ఇది ఒక్క హోటలు తప్పు కాదు. శిక్షణకు వచ్చు విద్యార్థిని కూలివానికంటె చౌకయైన కూలివానిగా లెక్కించు అలవాటు ఆ వృత్తియందంతటను వ్యాపించినది.

ఉల్లి ఒలుచుట హీనమని మేమనుట లేదు. ఏ పనియు హీనము కాదని ఇంతసేపు వాదించినవారము మేమే. ఒక వారము ఒలిచినచో అది విద్య. ఆఱు వారములు ఒలిచినచో అది యజమానికి మిగిలిన జీతము. 1961 నాటి అప్రెంటిసుల చట్టము పని నేర్చుకొనువానికి భృతి యుండవలెననియు, పనిగంటలకు హద్దుండవలెననియు సూత్రముగా నంగీకరించినది. కళాశాలనుండి వచ్చు విద్యార్థికి ఆ సూత్రము వర్తింపజేయుటకు అడ్డేమి? రుసుము పుచ్చుకొన్న కళాశాల తన విద్యార్థి ఏ శాఖలో ఎన్ని దినములు పనిచేసెనో, ఏమి నేర్చెనో విచారింపవలదా? విద్యార్థి తెచ్చిన దినచర్య పుస్తకముపై ముద్రవేయుటతో ఉపాధ్యాయుని బాధ్యత తీఱునా? 2020 మార్చిలో కరోనా వచ్చి హోటళ్లు మూతపడినప్పుడు మొదట ఇంటికి పోవలసివచ్చినవారు ఎవరో అందఱెఱుగుదురు. ఈ వృత్తిలో చిన్నవానికి అండ తక్కువ. ఆ అండ చదువు దినములలోనైనను దొరకకున్నచో బాలుడు పట్టము పుచ్చుకొని మఱియొక వృత్తికి పోవును. అట్లు పోయినవారిని మేమెఱుగుదుము. ఒకడు మా ఊరి బ్యాంకులోనే యున్నాడు.

మఱియొక సంగతి. ఈ విద్యలో ఫ్రెంచివారి అయిదు మూలపు సాసులు, బెషమెల్, వెలూతే, ఎస్పన్యోల్, టొమాటో, హాలండేజ్, కంఠస్థము చేయవలెను. చేయనిండు. దేశీయ వంటలకును అందు చోటున్నది గాని ఆ చోటు ఇరుకైనది. బెల్లము పులుసునకును చింతపండు పులుసునకును భేదమేమి, ఆవపెట్టుటకు ఆవలు ఎట్లు నూరవలెను, ఊరగాయ ఏడాది నిలుచుటకు ఉప్పుపాలెంత అని అడిగినచో మన పట్టభద్రుడు అమ్మమ్మకు టెలిఫోను చేయును. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము నేడు తరిగొండ వెంగమాంబగారి పేరిట వెలసిన భవనమున దినమునకు వేలాది భక్తులకు పంక్తులు పంక్తులుగా జరుగుచున్నది. అంతమందికి వేళ తప్పక, రుచి తప్పక, శుచి తప్పక వండి వడ్డించుట ఏ దేశపు హోటలు పాఠశాలయైనను వచ్చి చూచి వ్రాసికొనదగిన శాస్త్రము. తెలుగు విద్యార్థికి లొజాన్ చూడవలెనని కోరిక యుండుట సహజమే. దానికంటె ముందు అతనిని ఒక నెల తిరుమల వంటశాలకు పంపినచో ఏమి నష్టము? కళాశాలలును దేవస్థానమువారును కూర్చుండి మాటలాడుకొన్నచో తేలిపోవు పని యిది.

కుమారుని ఈ చదువునకు పంపదలచిన తండ్రులకు మేము చెప్పునది కొంచెమే. భవనపు టద్దములను, ప్రకటనలోని విదేశపు టోడల బొమ్మలను చూచి రుసుము కట్టకుడు. గతయేటి విద్యార్థులు శిక్షణకు ఎక్కడికి పోయిరి, ఎన్ని గంటలు పనిచేసిరి, ఎంత భృతి పుచ్చుకొనిరి అని అడుగుడు. సమాధానము చెప్పలేని కళాశాలనుండి ఆ క్షణమే మరలి రండు.

శిక్షణ పొంది వచ్చిన విద్యార్థులు తమ పనిగంటలను, భృతిని, నేర్చిన పనులను మాకు వ్రాసి పంపినచో వరుసగా ప్రకటింతుము. పేరు వలదన్నవారి పేరు ప్రకటింపము. హోటళ్ల యజమానులు బదులు వ్రాసినచో దానికిని ఇంతే స్థలమిత్తుము.