ముంచినవాడి మర్యాద

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్ల గురించి రాసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు పదేపదే చెప్పే కథ ఒకటుంది. 1942 నవంబరు 6 రాత్రి దక్షిణ అట్లాంటిక్‌లో 'సిటీ ఆఫ్ కైరో' అనే బ్రిటిష్ ఓడను యూ-68 అనే జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడోలతో కొట్టింది. ఓడ మునిగాక నీటి మీదికి వచ్చి లైఫ్‌బోట్లను సమీపించింది. కమాండర్ కార్ల్-ఫ్రీడ్రిష్ మెర్టెన్ ఓడ పేరేమిటో, సరుకేమిటో అడిగాడు. నేల ఎటువైపు ఉందో చెప్పాడు. చివర్లో శుభరాత్రి చెప్పి, మిమ్మల్ని ముంచినందుకు మన్నించండి అని వెళ్లిపోయాడు. ఆ మాటనే పేరుగా పెట్టి 1984లో ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం వచ్చింది. అప్పట్నుంచి మెర్టెన్ అంటే పెద్దమనిషి. నాజీలు వేరు, సముద్రం మీద పోరాడిన ఇలాంటి జర్మన్లు వేరు అనే వాదనకు ఈ కథ సాక్ష్యంగా నిలబడిపోయింది.

ఈ వాదన తప్పు. మెర్టెన్ ఆ మాట అనలేదని నేను అనడం లేదు. అన్నాడు, మనస్ఫూర్తిగానే అని ఉండొచ్చు. ఆ మాటతో కథ ముగించడమే అన్యాయం. అసలు చావులు ఆ తర్వాతే మొదలయ్యాయి.

ఓడ మునిగినప్పుడు పోయినవాళ్లు పదిమంది లోపే. మిగిలిన దాదాపు మూడొందల మంది, పిల్లలతో సహా, ఆరు పడవల్లో కిక్కిరిసి కూర్చున్నారు. వాళ్లకు దగ్గరున్న నేల సెయింట్ హెలీనా. అది సముద్రం మధ్య చుక్కంత దీవి, దాదాపు 500 మైళ్ల దూరం. ఆఫ్రికా తీరం దానికి రెట్టింపు, బ్రెజిల్ నాలుగు రెట్లు. మనిషికి రోజుకి కొద్ది గుక్కల నీళ్లు. పడవలు చెల్లాచెదురయ్యాయి. మూడింటిని నవంబరు 19న ఒక బ్రిటిష్ ఓడ చూసింది, ఇంకోదాన్ని మరో ఓడ కాపాడింది. యాభైమందికి పైగా ఎక్కిన ఒక పడవ డిసెంబరు 12న ఎదురుపడేసరికి అందులో ప్రాణంతో ఉన్నది ముగ్గురు. ఆ ముగ్గురిని ఎక్కించుకుంది జర్మన్ రవాణా ఓడ 'రాకోటిస్'. దాని సిబ్బంది వాళ్లను కంటికి రెప్పలా చూసుకున్నా ఒకామె దక్కలేదు. ఇంకో పడవ 51 రోజులు కొట్టుకుపోయి బ్రెజిల్ చేరువకు వచ్చింది. పదిహేడు మందిలో ఇద్దరు మిగిలారు. మొత్తం 104 మంది పోయారు.

ఇప్పుడు తేదీలు చూడండి. నవంబరు 16న మెర్టెన్‌కు జర్మన్ సైనిక పతకం నైట్స్ క్రాస్‌కు ఓక్ ఆకుల గౌరవం ప్రకటించారు. అప్పటికింకా ఆ పడవల్లో ఒక్కటి కూడా ఎవరి కంటా పడలేదు.

ఆయన తరఫున వాదించేవాళ్లు చెప్పే మొదటి మాట: సబ్‌మెరైన్‌లో చోటెక్కడ? వినడానికి సబబుగానే ఉంటుంది. విశాఖ ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపల నడిచినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మనిషి వెనక మనిషి ఒంగి నడిచే దారి, తలకు తగిలే పైపులు, టార్పెడోల పక్కనే పడక. కురుసుర పొడవు 91 మీటర్లు. యూ-68 ఇంకా చిన్నది, 77 మీటర్లకు లోపే. అందులో యాభైమంది దాకా మనుషులు. ఇంకెవర్ని ఎక్కిస్తారు?

ఈ ప్రశ్నకు జవాబు యూ-68 చరిత్రలోనే ఉంది. ఒక్క ఏడాది వెనక్కి వెళ్లాలి. 1941 నవంబరు 22న 'అట్లాంటిస్' అనే జర్మన్ దాడి ఓడను బ్రిటిష్ నావికాదళం ముంచేసింది. బతికినవాళ్లను 'పైథాన్' అనే సరఫరా ఓడ ఎక్కించుకుంది. డిసెంబరు 1న సెయింట్ హెలీనాకు దక్షిణంగా, అంటే ఇదే సముద్రంలో, ఆ పైథాన్ సబ్‌మెరైన్లకు ఇంధనం నింపుతుండగా 'డోర్సెట్‌షైర్' అనే క్రూయిజర్ వచ్చిపడింది. పైథాన్ కూడా మునిగింది. నాలుగొందల మందికి పైగా జర్మన్లు నడి సముద్రంలో మిగిలారు. అప్పుడక్కడ ఉన్న రెండు సబ్‌మెరైన్లలో ఒకటి యూ-68. దాని కమాండర్ మెర్టెనే. రెండూ చెరో వందమందిని లోపల కుక్కుకున్నాయి. మిగతావాళ్లను పడవల్లో కూర్చోబెట్టి తాళ్లతో లాక్కుంటూ ఉత్తరానికి బయల్దేరాయి. దారిలో మరికొన్ని జర్మన్, ఇటాలియన్ సబ్‌మెరైన్లు వచ్చి భారం పంచుకున్నాయి. వేల మైళ్లు దాటి ఆ నెలాఖరుకి అందరినీ ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ చేర్చారు. నావికా చరిత్రలో అంతటి సాహసం అరుదు. ఆ పని చేసినవాళ్లను నేను నిండు మనసుతో మెచ్చుకుంటాను. కానీ ఆ తర్వాత ఎవరైనా చోటు లేదంటే ఒప్పుకోను. తనవాళ్ల కోసం దొరికిన చోటు సిటీ ఆఫ్ కైరోలోని పసిపిల్లలకు కూడా దొరకలేదు.

రెండో వాదన 'లకోనియా' ఉదంతం. దీనికి బలముంది. 1942 సెప్టెంబరు 12న యూ-156 లకోనియా అనే ఓడను ముంచింది. అందులో ఇటాలియన్ యుద్ధఖైదీలు ఉన్నారని తెలిసి కమాండర్ హార్టెన్‌స్టైన్ అందరినీ కాపాడటం మొదలుపెట్టాడు. సాయం రమ్మని రేడియోలో బాహాటంగా పిలిచాడు. నాలుగు రోజుల తర్వాత ఒక అమెరికన్ విమానం వచ్చి ఆ సబ్‌మెరైన్ మీదే బాంబులు వేసింది. ఆ బాంబులు వేయించినవాళ్లను ఎవరూ వెనకేసుకురాకూడదు. అయితే సబ్‌మెరైన్ దళాధిపతి డోనిట్స్ దాన్ని ఆసరా చేసుకుని సెప్టెంబరు 17న ఏం ఆజ్ఞాపించాడు? మునిగిన ఓడల మనుషులను కాపాడే ప్రయత్నం ఏదీ చేయొద్దన్నాడు. ఓడ కెప్టెన్లను, ఇంజనీర్లను మాత్రం పట్టుకురమ్మన్నాడు. జర్మనీ 1936లో ఒప్పుకున్న లండన్ ప్రోటోకాల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాణిజ్య నౌకను ముంచే ముందు అందులోని మనుషులను సురక్షిత స్థలానికి చేర్చాలని ఆ నియమం. నేల గానీ మరో ఓడ గానీ దగ్గర లేనప్పుడు లైఫ్‌బోటు సురక్షిత స్థలం కిందికి రాదని కూడా అందులోనే ఉంది.

సిటీ ఆఫ్ కైరోలో ఫిరంగి ఉంది, గన్నర్లున్నారు, అంటే అది సాయుధ నౌకే, నిజమే. సాయుధ బ్రిటిష్ నౌకలపై దాడుల విషయంలో యుద్ధ నేరాలను విచారించిన నురెంబర్గ్ కోర్టు డోనిట్స్‌ను దోషిగా తేల్చలేదు. బ్రిటన్, అమెరికా కూడా ఇలాంటి యుద్ధమే చేశాయని గుర్తించి, ప్రోటోకాల్ ఉల్లంఘనను శిక్షలో లెక్కించలేదు. అయినా కాపాడొద్దన్న ఆజ్ఞ ప్రోటోకాల్‌కు విరుద్ధమనే చెప్పింది. అందరూ చేశారు కాబట్టి శిక్ష తప్పింది, చేసిన పని మంచిదైపోలేదు. మెర్టెన్ 27 ఓడలు, లక్షా 70 వేల టన్నులు ముంచాడు. పతకాలు ఆ టన్నుల లెక్కకే వచ్చాయి. ఓడ పేరు, సరుకు అడిగింది కూడా ఆ లెక్క కోసమే. మర్యాదగా అడిగాడా, కసిరి అడిగాడా అన్నది పడవలో కూర్చున్నవాడి దాహాన్ని ఒక్క చుక్క కూడా తగ్గించలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. సిటీ ఆఫ్ కైరో బయల్దేరింది మన బొంబాయి నుంచి, అక్టోబరు 1న. అడుగున 100 టన్నుల వెండి రూపాయలు, లండన్‌కి తరలిపోతున్న మన నాణేలు. సిబ్బందిలో ఎక్కువమంది లాస్కర్లు, అంటే మన దేశపు నావికులు. 1939లో లాస్కర్ జీతం బ్రిటిష్ నావికుడి జీతంలో నాలుగో వంతు కూడా లేదు. ఆ ఏడాది చివర్లో న్యాయం అడిగి సమ్మె చేసినందుకు వందలమందిని జైళ్లలో పెట్టారు. వాళ్లకు ఈ యుద్ధాన్ని తెచ్చిపెట్టింది బ్రిటన్, అందులో వాళ్లను ముంచింది జర్మనీ. చనిపోయిన 104 మందిలో 79 మంది ఓడ సిబ్బందే. 5 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి ఆ వెండిని వెలికితీశామని 2015లో ప్రకటించారు. నాణేలు కరిగించి అమ్మిన డబ్బును బ్రిటిష్ ఖజానా, వెలికితీసిన కంపెనీ పంచుకున్నాయి. వెండి విలువ ఎన్ని కోట్లో అన్ని పత్రికలూ రాశాయి. జర్మన్ కమాండర్ మర్యాద గురించి కూడా రాశాయి. లాస్కర్లు మాత్రం ఒక అంకెగా మిగిలారు.

యూ-68 కూడా 1944 ఏప్రిల్ 10న మదైరా దగ్గర అమెరికన్ విమానాల దాడిలో మునిగింది. 56 మంది పోయారు, ఒక్కడు బతికాడు. అప్పటికి మెర్టెన్ అందులో లేడు. ఆ కుర్రాళ్ల చావు మీద నాకు కోపం లేదు. మనుషుల్ని సముద్రానికి వదిలేసే యుద్ధానికి ఒక మంచి మాటతో మెరుగుపెట్టే చరిత్ర రచన మీదే నా కోపం.

బ్రిటిష్ వాణిజ్య నావికుల పేర్లు లండన్‌లో టవర్ హిల్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. అవిభక్త భారతదేశపు నావికులు దాదాపు 6,500 మంది పేర్లు రెండు పుస్తకాల్లో ఉన్నాయి. ఒకటి చిట్టగాంగ్‌లో, ఒకటి ముంబైలోని ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో. మెర్టెన్ కథను తెలుగులో మళ్లీ చెప్పబోయేవాళ్లకు ఒక్క విన్నపం: ముందు ఆ పుస్తకాల్లో ఒకటి తెరిచి, అందులోని పేర్లతో కథ మొదలుపెట్టండి.