ఫోర్ట్ బార్‌ఫుట్ పేరు తీసేస్తే మనకేంటి?



అమెరికాలో మిలిటరీ క్యాంపులకు ఏ పేరు పెట్టుకుంటే మనకెందుకు, ఇక్కడ పోడు పట్టాలకే దిక్కు లేదు కదా అని మీలో కొందరు అంటారు. నేను కూడా మొదట అట్లనే అనుకున్నా. వాన్ బార్‌ఫుట్ గురించి చదివాక ఆ మాట అనలేకపోయా.

బార్‌ఫుట్‌ది మిసిసిపి రాష్ట్రం, ఎడిన్‌బర్గ్ అనే చిన్న ఊరు. చోక్టా ఆదివాసీ రక్తం ఉన్న మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 మే 23న, ఇటలీలోని కరానో దగ్గర ఒక్కడే పాకుకుంటూ పోయి జర్మన్ల మెషీన్‌గన్ గూళ్ళను దెబ్బతీశాడు. 17 మందిని పట్టుకున్నాడు. అదే రోజు బజూకాతో ఒక ట్యాంకును ఆపాడు. అమెరికా సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, ఇచ్చారు. యుద్ధం నుంచి వచ్చాక మిసిసిపి సెనేటర్ బిల్బో ఎదుట, నల్ల సైనికులు తెల్ల సైనికులంత బాగా పోరాడతారని చెప్పాడట. బిల్బో అంటే ఆ రోజుల్లో జాతి ద్వేషానికి పేరుపడ్డ నాయకుడు. అతనికి ఆ మాట ఎంత చేదుగా తగిలి ఉంటుందో ఊహించుకోండి.

2023 మార్చిలో వర్జీనియాలోని ఫోర్ట్ పికెట్‌కు ఈ బార్‌ఫుట్ పేరు పెట్టారు. రెండేళ్ళు ఉంది. 2025లో తీసేశారు.

ముందు కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. 1860, 61లో దక్షిణాది రాష్ట్రాలు బానిసత్వాన్ని కాపాడుకోవడానికి అమెరికా నుంచి విడిపోయాయి. 11 రాష్ట్రాలు కలిసి కాన్ఫెడరసీ అని పెట్టుకుని, నాలుగేళ్ళు యుద్ధం చేసి ఓడిపోయాయి. ఆ ఓడిన జనరళ్ళ పేర్లే తర్వాత అమెరికా సైన్యం తన సొంత స్థావరాలకు పెట్టుకుంది. యుద్ధం అయిపోయిన 50, 80 ఏళ్ళకు! లీ పేరు 1917లో, బ్రాగ్, బెన్నింగ్ పేర్లు 1918లో, మిగతావి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. అప్పుడు దక్షిణాదిలో నల్లవాళ్ళకు ఓటు లేదు, బస్సులో సీటు వేరు, బడి వేరు. సైన్యానికి భూమి కావాలి, స్థానిక తెల్ల పెద్దల మద్దతు కావాలి. వాళ్ళకు నచ్చిన పేర్లు పెట్టారు. నల్లవాళ్ళను అడిగినవాడు లేడు.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఒత్తిడి పెరిగింది. పేర్లు మార్చే చట్టాన్ని ట్రంప్ వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోను కొట్టేసింది. ఎనిమిది మందితో కమిషన్ వేశారు, అధ్యక్షురాలు అడ్మిరల్ మిషెల్ హోవర్డ్ అనే నల్లజాతి మహిళ. తొమ్మిది స్థావరాల పేర్లు 2023లో మారిపోయాయి.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాల్సిన మాట ఒకటుంది. పేర్లు మార్చాలన్న అమెరికన్లలో చాలామంది చెప్పే మొదటి కారణం ఏంటంటే, వీళ్ళు ద్రోహులు, సొంత ప్రభుత్వం మీద ఆయుధం ఎత్తినవాళ్ళు, అలాంటివాళ్ళకు గౌరవం ఎలా ఇస్తాం అని. వినడానికి బాగుంది. కానీ ఆదివాసీ బిడ్డగా ఆ మాట నా నోట రాదు. కొమురం భీం నిజాం ప్రభుత్వం మీద తుపాకీ పట్టలేదా? జోడేఘాట్‌లో 1940లో ఆయన్ని చంపింది సర్కారు పోలీసులే. 1922లో చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు ఎత్తుకుపోయిన అల్లూరి, గంటందొర, మల్లుదొర అప్పటి చట్టం ప్రకారం ఎవరు? తిరుగుబాటుదారులే. అక్కడి లకోటా, అపాచీ, సెమినోల్ పెద్దలందరూ అమెరికా సైన్యం లెక్కలో శత్రువులే. తిరగబడడమే నేరమైతే మన దగ్గర ఒక్క విగ్రహం మిగలదు.

అందుకే అడగాల్సింది దేని కోసం తిరగబడ్డారు అని. హెన్రీ బెన్నింగ్ అసలు సైనికుడు కూడా కాదు, జార్జియా జడ్జి. 1861లో వర్జీనియాకు పోయి, మేం విడిపోయింది బానిసత్వం రద్దు కాకుండా ఆపడానికే అని సభలో చెప్పి వచ్చాడు. లియొనిడాస్ పోల్క్ చర్చి బిషప్, వందల మంది బానిసల యజమాని. బ్రాగ్‌కు లూసియానాలో బానిసలతో నడిచే చెరకు తోట. మనిషిని సంతలో పశువులా అమ్ముకునే హక్కు కోసం వీళ్ళు తిరగబడ్డారు. భీం తన భూమి కోసం తిరగబడ్డాడు. రెండూ ఒకే తక్కెడలో తూగవు.

ఆ పేరు పెట్టుకున్న చోట ఏం జరిగిందో కూడా చూడండి. 1941లో ఫోర్ట్ బెన్నింగ్ అడవిలో ఫెలిక్స్ హాల్ అనే 19 ఏళ్ళ నల్ల సైనికుడి శవం ఉరితాడుకు వేలాడుతూ దొరికింది. యూనిఫాం మీదే ఉంది. ఇప్పటికీ ఎవరి మీదా కేసు లేదు. బానిసత్వం కోసం వాదించినవాడి పేరున్న గేటు లోపల, ఆ దేశం కోసం సైన్యంలో చేరిన పిల్లవాడు అలా చచ్చిపోయాడు. పేర్లలో ఏముందిలే అనేవాళ్ళకు నా దగ్గరున్న జవాబు ఇదే.

ఇటువైపు వాదన కూడా ఉంది, దాన్ని వెక్కిరించను. నేను బ్రాగ్‌లో ట్రైనింగ్ అయ్యా, నా స్నేహితులు అక్కడి నుంచే పోయి చచ్చిపోయారు, నాకు ఆ పేరంటే జనరల్ గుర్తుకురాడు, నా జీవితం గుర్తుకొస్తుంది అని పాత సైనికులు అంటారు. అది నిజమైన బాధే. పైగా బ్రాగ్‌కు మనిషి పేరు పెట్టకుండా ఫోర్ట్ లిబర్టీ అని పెట్టారు. నా అభిప్రాయంలో అది తప్పు. తొమ్మిదింటిలో అది ఒక్కటే మనిషి పేరు లేనిది, ఎవరి మనసుకూ అంటలేదు. డబ్బు దండగ అనే వాదన మాత్రం తేలిపోతుంది. పేర్లు, గుర్తులు అన్నీ మార్చడానికి కమిషన్ వేసిన అంచనా 6.25 కోట్ల డాలర్లు. ఆ దేశ మిలిటరీ బడ్జెట్ ముందు అది చిల్లర.

2025లో పాత పేర్లు తిరిగి తెచ్చిన పద్ధతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కాన్ఫెడరేట్ల పేర్లు పెట్టొద్దని చట్టం ఉంది. అందుకని అదే ఇంటిపేరున్న వేరే సైనికుల్ని వెతికారు. బ్రాగ్ అంటే ఇప్పుడు రోలండ్ బ్రాగ్. బెన్నింగ్ అంటే ఫ్రెడ్ బెన్నింగ్. పికెట్ అంటే వెర్నన్ పికెట్. ఏ.పి. హిల్‌కైతే ఆండర్సన్, పిన్, హిల్ అని ముగ్గురిని కలిపి అక్షరాలు సరిపెట్టారు. ఫోర్ట్ లీకి ఫిట్జ్ లీ అనే నల్ల సైనికుడిని తెచ్చారు. ఆ సైనికుల ధైర్యం గురించి నాకు ఏ పేచీ లేదు. కానీ వర్జీనియాలో ఫోర్ట్ లీ అంటే ఎవరు గుర్తొస్తారో చిన్న పిల్లవాడిని అడిగినా చెప్తాడు. దాని కోసం తీసేసిన పేర్లలో ఒకటి ఆర్థర్ గ్రెగ్‌ది. ఒకప్పుడు ఆ స్థావరం క్లబ్బులోకి నల్లవాడని రానివ్వని ఆఫీసర్, చివరికి లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు. తన పేరు పెట్టిన రోజు అక్కడే ఉన్నాడు.

మనవాళ్ళ గురించి కూడా దాచకుండా చెప్పుకోవాలి. కాన్ఫెడరేట్ జనరళ్ళలో అందరికన్నా చివర, 1865 జూన్‌లో, లొంగిపోయినవాడు స్టాండ్ వేటీ. చెరోకీ ఆదివాసీ, తను కూడా బానిసల యజమాని. అతని పేరున్న రాయి తహ్లెక్వాలో చెరోకీల రాజధాని ముంగిట్లో దాదాపు వందేళ్ళు ఉంది. 2020 జూన్‌లో చెరోకీ నేషనే దాన్ని తీయించింది. బయటివాడెవడూ చెప్పలేదు, కోర్టూ చెప్పలేదు. మనవాడే కదా అని ఊరుకోలేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన పని ఇది.

పేరు మారితే అన్నీ మారిపోతాయని నేను అనడం లేదు. అది మనకన్నా ఎవరికి తెలుసు? 2016లో కొమురం భీం పేరుతో జిల్లా వచ్చింది, 2022లో అల్లూరి పేరుతో వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగడం ఆగలేదు. అమెరికా సైన్యం హెలికాప్టర్లకు అపాచీ, బ్లాక్‌హాక్, లకోటా అని మన బంధువుల పేర్లే పెట్టుకుంటుంది. అదే ప్రభుత్వం 2025 జనవరిలో డెనాలి పర్వతం పేరు తీసి మళ్ళీ మెకిన్లీ అంది. 1890లో వూండెడ్ నీ దగ్గర లకోటా ఆడవాళ్ళను, పిల్లలను కాల్చిన సైనికుల పతకాలు అలాగే ఉంటాయని సెప్టెంబర్‌లో ప్రకటించింది. ఆదివాసీ పేరు యంత్రానికి పనికొస్తుంది, కొండకు మాత్రం పనికిరాదు.

కాబట్టి నా మాట సూటిగా చెప్తున్నా. ఆ పేర్లు మార్చాలి, ఇంటిపేరు ఆటలు లేకుండా మార్చాలి, బార్‌ఫుట్ పేరు ఆ గేటు మీదికి తిరిగి రావాలి. ఇప్పటికైతే ఆ పేరు మిసిసిపిలో, బిల్బో సొంత రాష్ట్రంలో, ఎడిన్‌బర్గ్ మీదుగా పోయే 16వ నంబరు రోడ్డుకు ఉంది. 2009లో పెట్టారు, అప్పటికి ఆయన బతికే ఉన్నాడు.