గోవా వెళ్ళవచ్చా? క్యాసినో ఓడ ఎక్కవచ్చా?



మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో, సింగరేణి కార్మికులకు లాభాల వాటా పడే దసరా రోజుల్లో మన యౌవనస్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, నలుగురం కలిసి మూడు రోజులు గోవా వెళ్దామనుకుంటున్నాం. అక్కడ క్యాసినో కూడా చూసి వస్తాం. తప్పేమైనా ఉందా?"

కొందరు అడగకుండానే వెళ్ళి వస్తారు. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తాయి. అడిగినవాడికి ఒక్క ముక్కలో "పాపం" అని చెప్పి పంపించేయడం తేలిక. అలా చెబితే వాడు రెండో ప్రశ్న వేయడు, రెండోసారి నా దగ్గరకు రాడు. అందుకే ఈ వారం ఈ సంగతి వివరంగా రాస్తున్నాను. ఇది నా అభిప్రాయం. వాక్యంతో పోల్చి చూసుకోండి.

యాత్ర చేయడం తప్పు కాదు

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఏడాదంతా కష్టపడినవాడు మూడు రోజులు ఊరు విడిచి వెళ్ళి సేదదీరడం పాపం కాదు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులకు తినడానికి కూడా తీరిక లేనప్పుడు ప్రభువే వారిని ఏకాంత స్థలానికి రమ్మని పిలిచాడు. విశ్రాంతి ఆయన మనసులో నుంచి పుట్టిందే.

ఇంకా ఆశ్చర్యమైన భాగం ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలో ఉంది. మనం దశమభాగం గురించి చెప్పేటప్పుడు ఈ భాగాన్ని తరచుగా దాటిపోతాం. ఇశ్రాయేలీయులు ఏటా పంటలో ఒక భాగం పక్కన పెట్టి, దేవుడు ఏర్పరచుకున్న స్థలానికి వెళ్ళి అక్కడ ఆయన ఎదుట తిని సంతోషించాలి. దారి దూరమైతే పంటను మోసుకెళ్ళనక్కరలేదు. అమ్మి, డబ్బు మూట కట్టుకొని వెళ్ళి, అక్కడ తమకు ఇష్టమైనవి కొనుక్కోవచ్చు. అంటే దేవుడే తన ప్రజలకు ఒక ప్రయాణాన్ని, దానికొక ఖర్చును, అందులో ఒక సంతోషాన్ని ఏర్పాటు చేశాడు.

ఆ ఏర్పాటులో మూడు సంగతులు గమనించండి. మొదటిది, డబ్బు ముందే పక్కన పెట్టింది. దానికి ఒక హద్దు ఉంది. రెండోది, వెళ్ళేది ఇంటివారందరూ. సంతోషించేది అందరూ. మూడోది, ఊళ్ళో ఉన్న లేవీయుణ్ణి మరచిపోకూడదు. ఆ వెంటనే పరదేశి, తండ్రి లేనివారు, విధవరాలు గురించి కూడా మాట వస్తుంది. (నేను లేవీయుడి వరుసలో ఉన్నాను గనక ఇది చెబుతున్నానని అనుకోవద్దు.) లెక్క, ఇల్లు, పొరుగువాడు. ఈ మూడూ ఉన్న యాత్ర దేవునికి ఇష్టమైన యాత్ర. ఇప్పుడు క్యాసినోను ఈ మూడింటి పక్కన పెట్టి చూద్దాం.

లెక్క

గోవాలో జూదానికి 1976 నాటి చట్టం ఒకటి ఉంది. దాన్ని 1992లో సవరించి అయిదు నక్షత్రాల హోటళ్ళలో స్లాట్ మెషీన్లకు, 1996లో సవరించి ఓడల మీద బల్లల ఆటలకు అనుమతి ఇచ్చారు. పణజి దగ్గర మాండవి నదిలో రాత్రిపూట దీపాలతో వెలిగే ఓడలు అవే. ప్రవేశ టిక్కెట్టులోనే భోజనం, తాగుడు, పాటలు, నాట్యాలు, ఆడుకోవడానికి కొన్ని బిళ్ళలు కలిపి ఇస్తారు. "ఇంత తక్కువకు ఇంత భోజనమా!" అని మనవాళ్ళు సంబరపడతారు.

దాని లెక్క ఇలా చూడండి. రౌలెట్ చక్రం మీద 0 నుంచి 36 వరకు మొత్తం 37 అంకెలుంటాయి. మన సంఘంలో నుంచి 37 మంది ఆ బల్ల చుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కో అంకె మీద 100 రూపాయలు పెట్టారనుకోండి. బల్ల మీద 3,700 రూపాయలున్నాయి. గోళీ ఏదో ఒక అంకె మీద ఆగుతుంది. గెలిచినవాడికి అతని వంద, దాని మీద 35 వందలు, మొత్తం 3,600 ఇస్తారు. మిగిలిన 100 క్యాసినోది. ఎవరు గెలిచినా సరే, చక్రం తిరిగిన ప్రతిసారీ 100 క్యాసినోదే. అలా 37 సార్లు తిరిగితే మన సంఘం జేబులో నుంచి 3,700 రూపాయలు పోయినట్టే. రెండు సున్నాలున్న చక్రమైతే పోయేది దాదాపు రెండింతలు. ఇందులో మోసమేమీ లేదు. ఆట నియమమే అంత.

చక్రం ఒకసారి తిరిగి ఆగడానికి ఎంతో సేపు పట్టదు. వేసవిలో మన అక్కచెల్లెళ్ళు తెల్లవారకముందే అడవికి వెళ్ళి, 50 తునికాకులు కోసి ఒక కట్ట కట్టి, కల్లం దాకా మోయడానికి ఎంత సేపు పడుతుందో మీకు తెలుసు. ఆ కట్ట పక్కన ఈ చక్రాన్ని పెట్టి చూడండి.

పన్ను సంగతి కూడా వినండి. 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినోలో కొనే బిళ్ళల మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. గెలిచిన డబ్బు మీద ఆదాయపు పన్ను 30 శాతం. నిన్న ఓడిన డబ్బును ఇవాళ గెలిచినదాంట్లో తగ్గించి చూపడానికి వీల్లేదు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క వేసుకుంటాడని ప్రభువు చెప్పాడు. రైలు టిక్కెట్టుకు లెక్క ఉంది. గదికి లెక్క ఉంది, భోజనానికి ఉంది. జూదపు బల్లకు మాత్రం లెక్క కుదరదు. అయిదు వేలు పోయినవాడు "ఆ అయిదు వేలు రాబట్టుకొని లేస్తాను" అంటాడు. ఆ మాటతో హద్దు చెరిగిపోయినట్టే.

ఇల్లు

భార్యాపిల్లలతో కలిసి ఓడ ఎక్కేవారూ ఉన్నారు, కాదనను. కానీ 21 ఏళ్ళు నిండనివారిని ఆట జరిగే చోటికి రానివ్వరు. పిల్లలు ఒక చోట, తండ్రి ఒక చోట. మన ప్రాంతం నుంచి వెళ్ళేవారి సంగతి ఇంకా వేరు. ఇంట్లో "స్నేహితుడి పెళ్ళికి" అని చెప్పి వెళ్ళినవారు ఉన్నారు. ఇంటికి చెప్పుకోలేని సంతోషం ఎలాంటి సంతోషమో ఆలోచించండి.

ఊరు చెప్పను, పేరు చెప్పను. ఒక ఇంట్లో మిర్చి అమ్మిన డబ్బులో సగం మూడు రాత్రుల్లో బల్ల మీద పోయింది. కాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన కూలీలు, తమ లెక్క చూస్తే ఊరికి పోతామని ఇంటి ముందు కూర్చున్నారు. ఆ ఇంటి ఇల్లాలు చెవి కమ్మలు కుదువపెట్టి వారికి కూలి ఇచ్చి పంపింది. అతను గెలిచివుంటే ఆమెకు కమ్మలు కొనేవాడేమో. ఓడినప్పుడు మాత్రం తెలియకుండానే ఆమె కూడా ఆ ఆటలో ఉంది. కూలీలు కూడా ఉన్నారు. జూదంలో ఒక్కడే ఆడతాడు గానీ ఒక్కడే ఓడిపోడు.

పొరుగువాడు

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇది. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా వాసులు గోవా క్యాసినోల్లో ఆడకూడదు. ఆ నిబంధన పెట్టింది ఆ రాష్ట్ర ప్రభుత్వమే. నేపాల్‌లో క్యాసినోలున్నాయి, నేపాలీలకు ప్రవేశం లేదు. మన తెలుగువారు చాలామంది పనిచేసే సింగపూర్‌లో 2010లో రెండు క్యాసినో రిసార్టులు తెరిచారు. అక్కడి పౌరులు లోపలికి వెళ్ళాలంటే ఒక రోజుకు 100 సింగపూర్ డాలర్లు కట్టాలన్నారు. 2019లో దాన్ని 150 చేశారు. విదేశీయుడికి మాత్రం ఆ రుసుము లేదు. పైగా అక్కడ ఒక కుటుంబం తమ మనిషిని క్యాసినోలోకి రానివ్వవద్దని దరఖాస్తు పెట్టుకొనే ఏర్పాటు కూడా ఉంది.

దీని అర్థం ఏమిటి? తమ పిల్లలకు వద్దనుకున్నదాన్ని పక్కింటి పిల్లలకు వడ్డిస్తున్నారు. వంట చేసిన ఇంటివారే తినని కూరను మనం రైలెక్కి వెళ్ళి తినాలా?

మనల్ని మనం కూడా అడగాలి. సంక్రాంతికి సరిహద్దు దాటి కోడిపందాల బరుల దగ్గరకు వెళ్ళేవారు మన మధ్యలో లేరా? తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోన్లో తలుపు మూసుకుంటే ఓడ మీద తలుపు వెతకడం విశ్వాసి పద్ధతి కాదు.

"ఊరికే చూసి వస్తాం"

దీనికి రెండు అభ్యంతరాలు వింటాను. మొదటిది, "బైబిల్లో చీట్లు వేశారు కదా అయ్యగారూ" అని. నిజమే. యెహోషువ దేశాన్ని పంచింది చీట్లతోనే. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో మత్తీయను ఎన్నుకున్నదీ చీట్లతోనే. అక్కడ నిర్ణయాన్ని దేవుని చేతికి అప్పగించారు. పక్కవాడి డబ్బు తన జేబులోకి రావాలని ఎవరూ చీటీ వేయలేదు. ఇతరుల వస్తువు కోసం చీట్లు వేసిన చోటు ఒకటుంది. అది సిలువ కింద. సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేశారు. పైన ఒకడు ప్రాణం విడుస్తుంటే కింద ఆట జరిగింది. తలెత్తి చూసి వుంటే ఆట సాగేది కాదేమో.

రెండోది, "మేము ఆడం. టిక్కెట్టు కొని, తిని, చూసి వచ్చేస్తాం. సినిమాకు వెళ్ళినట్టే" అని. ఈ ప్రశ్నకు న్యాయంగా జవాబు చెప్పాలి. ఓడ మీద కాలు పెట్టినవాడిని నేను సంఘం నుంచి వెలివేయను. రొట్టె, ద్రాక్షారసం ఇవ్వనని కూడా అనను. కానీ ఒక్కటి అడుగుతాను. మీ టిక్కెట్టు డబ్బు ఒక్కదానితోనే ఆ ఓడ నడుస్తుందా? సినిమా హాలు మీ టిక్కెట్టుతో నడుస్తుంది. ఈ ఓడ నడిచేది ఓడిపోయినవారి డబ్బుతో. మీ పళ్ళెంలో కూరకు తగ్గిన ధరను పక్క బల్ల దగ్గర ఒకడు కడుతున్నాడు. అతనికీ ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో ఎవరివో కమ్మలు ఉన్నాయి. ఆ పళ్ళెం ముందు కృతజ్ఞతా ప్రార్థన చేయగలరా? చేయలేమనిపిస్తే ఎక్కకండి. నా అభిప్రాయం అడిగితే, ఎక్కవద్దనే చెబుతాను.

మరి ఎలా వెళ్ళాలి?

వెళ్ళండి, సంతోషంగా వెళ్ళండి. సికింద్రాబాద్ నుంచి వాస్కోడగామాకు 2024 అక్టోబరులో వారానికి రెండు రోజుల రైలు మొదలైంది. విజయవాడ మీదుగా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ అంతకుముందు నుంచే ఉంది. రోజులు చూసుకొని ముందే టిక్కెట్లు తీసుకోండి. వానాకాలంలో సముద్రం పోటు మీద ఉంటుంది, దిగడం ప్రమాదం. కోతలయ్యాక గానీ దసరా తర్వాత గానీ పెట్టుకోండి.

కూలీల లెక్క, ఎరువుల దుకాణం బాకీ, డ్వాక్రా వాయిదా, పిల్లల ఫీజు తీర్చాక మిగిలినదాంట్లో ఇంత అని కాగితం మీద రాసి, భార్యాభర్తలిద్దరూ చూసుకోండి. ఆ అంకె ఇద్దరికీ తెలియాలి. వీలైతే అందరూ కలిసి వెళ్ళండి. సముద్రం చూడని మీ అమ్మగారు ఉంటే ఆమెను తీసుకెళ్ళండి.

పాత గోవాకు తప్పకుండా వెళ్ళండి. అక్కడి బోం జీసస్ బసిలికా 1605లో పూర్తయింది. ఆ ఊరి చర్చిలను 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మనం క్యాథలిక్కులం కాకపోయినా చరిత్రగా చూడదగిన చోటు. మన దేశంలో మొట్టమొదటి అచ్చుయంత్రం 1556లో వచ్చి దిగింది గోవాలోనే. తెలుగు బైబిలు చేతిలో పట్టుకున్న మనకు ఈ సంగతి తెలియాలి. సాయంత్రం పణజి నుంచి అవతలి ఒడ్డున ఉన్న బేతిం దాకా ఫెర్రీ ఎక్కండి. నడిచి ఎక్కేవారికి అది ఉచితం. అదే మాండవి నది, అదే గాలి, అవే దీపాలు. ఒక్క రూపాయి పోదు.

వచ్చేటప్పుడు ఇంటి దగ్గర పొలం, పశువులు చూసిన పొరుగువారి పిల్లలకు ఏదైనా తీసుకురండి. ఆదివారం ఆరాధనకు అందేలా తిరుగు ప్రయాణం పెట్టుకోండి. మీరు చూసినవి యౌవనస్థుల కూటంలో చెప్పండి.

ఒక యాత్ర మంచిదో కాదో తెలుసుకోవడానికి నేను ఒక చిన్న పరీక్ష పెడతాను. తిరిగొచ్చాక ఎంత ఖర్చయిందో, ఎక్కడెక్కడ తిరిగామో భార్యకు, తల్లికి, కూలీలకు, ప్రార్థనలో దేవునికి దాచకుండా చెప్పగలమా? చెప్పగలిగితే అది ద్వితీయోపదేశకాండములోని పండుగ లాంటిది. వచ్చే ఏడు కూడా వెళ్ళండి.

ప్రార్థన: తండ్రీ, మా కష్టార్జితాన్ని కాపాడుము. మా విశ్రాంతిని పరిశుద్ధపరచుము. మా పండుగలో ఇంటివారిని, పొరుగువారిని మరువకుండ మమ్మును నడిపించుము. పోయిన డబ్బు వెంట పరుగెత్తుచున్న మా సహోదరులను లేపి ఇంటికి తీసికొని రమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.