నాయనమ్మ నుంచి తండ్రి మీదుగా

ఎలుకల్లో కూతుళ్ల సంతాన సామర్థ్యం మీద తండ్రి జన్యువుల ప్రభావం ఉంటుందన్న వార్త మన దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ల తిండికీ సిగరెట్లకీ సంబంధించిన హెచ్చరికగా మారిపోయింది. తండ్రి అలవాట్లు వేరు, తండ్రి జన్యువులు వేరు. రెంటికీ కలిపి ‘ఎపిజెనెటిక్స్’ (జన్యుక్రమం మారకుండానే దాని పనితీరు మారడం) అని ముద్ర కొట్టేస్తే రాసేవారికి పని తేలికవుతుంది, అంతే.

తండ్రి జన్యువులు కూతురి మీద పనిచేసే దారులు ఒకటికంటే ఎక్కువ. మొదటిదాంట్లో వింతేమీ లేదు. అండాశయంలోనే అవసరమయ్యే జన్యువు మగవాడిలో పాడైనా బయటపడదు. 1996లో అమెరికాలోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు జీడీఎఫ్9 జన్యువు లేని ఎలుకలను తయారుచేశారు. మగ ఎలుకలకు ఏ లోటూ లేదు. ఆడవాటిలో మాత్రం అండకోశాల ఎదుగుదల తొలిదశలోనే ఆగి, అవి గొడ్డుపోయాయి. గొర్రెల పెంపకందార్లకు ఈ సంగతి కొత్త కాదు. బెంగాల్ గారోల్ గొర్రెల్లోని, ఎక్కువ పిల్లల్ని ఈనించే ఫెక్‌బీ జన్యువును మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో దక్కనీ గొర్రెల్లోకి తెచ్చారు. పొట్టేలును చూస్తే ఆ గుణం కనబడదు, దాని కూతుళ్లు కవలలను ఈనినప్పుడే తెలుస్తుంది.

వార్తలు పూర్తిగా వదిలేసింది రెండో దారిని. 1984లో కేంబ్రిడ్జ్‌లో అజీమ్ సురాని బృందం, ఫిలడెల్ఫియాలో మెక్‌గ్రాత్, సోల్టర్ ఎవరికి వారుగా ఒకే ప్రయోగం చేశారు. అప్పుడే ఫలదీకరణ చెందిన ఎలుక గుడ్డులో తల్లి కేంద్రకం, తండ్రి కేంద్రకం ఇంకా విడివిడిగా ఉంటాయి. వాటిని మార్చి, కొన్ని గుడ్లలో రెండూ తల్లివే, కొన్నిట్లో రెండూ తండ్రివే పెట్టారు. జన్యువుల లెక్క సరిపోయినా ఒక్క పిల్లా పుట్టలేదు. అంటే కొన్ని జన్యువులు తండ్రి నుంచి వస్తేనే పనిచేస్తాయి, కొన్ని తల్లి నుంచి వస్తేనే. 2004లో టోక్యోలో తండ్రి లేకుండా, రెండు తల్లుల అండాల నుంచి పుట్టిన కగుయా అనే ఎలుక పెరిగి పిల్లల్ని కూడా కన్నది కదా అని అడగవచ్చు. దాన్ని పుట్టించడానికి ఒక తల్లి డీఎన్‌ఏలో హెచ్19 భాగాన్ని తొలగించి, అది తండ్రిదిలా పనిచేసేట్టు చేయాల్సి వచ్చింది. ఒక రకంగా తండ్రి సంతకాన్ని ఫోర్జరీ చేసినట్టే.

అలా తండ్రి వైపు నుంచి మాత్రమే పనిచేసే జన్యువుల్లో పెగ్3 ఒకటి. సురాని, కెవర్న్ బృందం 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పాడైన పెగ్3 తండ్రి నుంచి అందిన ఆడ ఎలుకలు గర్భం దాల్చాయి, ఈనాయి. కానీ గూడు సరిగా కట్టలేదు, చెదిరిన పిల్లల్ని దగ్గరికి చేర్చుకోవడంలో ఆలస్యం చేశాయి, పాలు సరిగా చేపలేదు. వాటి పిల్లల్లో చాలావరకు చనిపోయాయి. 2016లో ఒక ఫ్రెంచి బృందం ఇదే జన్యువును మరో పద్ధతిలో దెబ్బతీసి చూస్తే తల్లి ప్రవర్తనలో తేడా కనబడలేదు. దాన్నిబట్టి పాత ఫలితాన్ని కొట్టేయడం నాకు సమ్మతం కాదు. జన్యువును తొలగించిన తీరు మారితే ఫలితం మారడం ఎలుకల ప్రయోగశాలల్లో మామూలే. సంతాన సామర్థ్యాన్ని ఎన్ని పిల్లలు పుట్టాయన్నదాంతో కాక, ఎన్ని బతికి పాలు మానేదాకా వచ్చాయన్నదాంతో కొలవాలన్నది నా పక్షం.

తండ్రి నుంచి వస్తేనే పనిచేసే జన్యువులకు మనుషుల్లో ఇంకా బలమైన సాక్ష్యం ఉంది. అతి చిన్న వయసులోనే యుక్తవయసు లక్షణాలు వచ్చిన పిల్లల కుటుంబాల్లో ఎమ్‌కేఆర్‌ఎన్3 జన్యులోపాన్ని 2013లో గుర్తించారు. తల్లి ఇచ్చిన ప్రతి మౌనంగా ఉంటుంది, తండ్రి ఇచ్చినదే పనిచేస్తుంది. కాబట్టి ఒకాయనకు తన తల్లి నుంచి ఆ లోపం వస్తే ఆయనలో ఏమీ కనబడదు. ఆయన నుంచి పిల్లలకు చేరగానే మేల్కొంటుంది.

ఇక మూడో దారి, పిల్లలకు అందని తండ్రి జన్యువులు కూడా ప్రభావం చూపుతాయన్న వాదన. 2010లో నాడో అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల్లో వై క్రోమోజోమ్ మాత్రమే వేరుగా ఉన్న తండ్రుల కూతుళ్లను పోల్చి, తేడాలు చూపింది. కూతుళ్లకు వై అందదు కాబట్టి ఫలితం ఆసక్తికరమే. కానీ ఆ తేడాలు ఎలా వచ్చాయో పూర్తిగా తేలకముందే దాన్ని పతాక శీర్షికకు ఎక్కించడం తొందరపాటు.

తేలిన విషయాలనైనా మనం వాడుకుంటున్నామా? పిల్లలు లేరని వచ్చిన అమ్మాయిని మీ అమ్మకు నెలసరి ఎప్పుడు ఆగిందని అడుగుతారు. నాన్న వైపు సంగతి అడిగేవారు అరుదు. తండ్రికి ఉన్న ఒకే ఒక్క ఎక్స్ క్రోమోజోమ్ ప్రతి కూతురికీ వెళ్తుంది. ఆ క్రోమోజోమ్‌పై ఉండే ఫ్రాజైల్ ఎక్స్ జన్యువులో ‘ప్రీమ్యుటేషన్’ (పూర్తి లోపానికి ముందుదశ మార్పు) ఉన్న తండ్రి దాన్ని కూతుళ్లందరికీ ఇస్తాడు. అది ఉన్న స్త్రీలలో సుమారు 20 శాతం మందికి 40 ఏళ్లలోపే అండాశయాలు పనిచేయడం తగ్గిపోతుంది. ఆ తండ్రికి మాత్రం పెద్ద వయసులో చేతులు వణకడం, నడక తడబడటం కనిపించవచ్చు. ఆయన న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తాడు, కూతురు ఐవీఎఫ్ సెంటర్‌కు వెళ్తుంది. రెండు ఫైళ్లూ ఒకచోట కలవవు. నాన్నకు వణుకు ఉందా, మేనత్తకు నెలసరి ఎప్పుడు ఆగింది అన్న రెండు ప్రశ్నలను కేసు షీటులో చేర్చడానికి ఏ కొత్త పరిశోధనా అక్కర్లేదు, పైసా ఖర్చూ కాదు.