ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది?

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. పనిచేసే వయసువారు తగ్గిపోయి, వృద్ధుల పోషణ భారమవుతుందన్నది ప్రభుత్వ ఆందోళన. అందులో నిజముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు ఏపీలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. అయితే ఇవాళ పుట్టిన బిడ్డ సంపాదనకు రావాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది. ఈలోగా రాష్ట్రాదాయాన్ని పెంచేదెవరు?

ఆ పని చేయగల మహిళల గురించి అదే సర్వేలోని మరో అంకె చూడండి. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మహిళలు ఏపీలో 21 శాతం. పురుషులు దాదాపు 49 శాతం. సగటున ముగ్గురు పిల్లలున్న బిహార్‌లో కూడా ఇంటర్నెట్ వాడిన మహిళలు 20.6 శాతం. కాన్పులు తగ్గించుకోవడంలో ఎంతో ముందున్న మన ఆడవాళ్లు ఇక్కడ మాత్రం బిహార్ పక్కనే నిలిచారు. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఇంటికో ఫోన్ ఉండటం వేరు, అది ఆమె చేతిలో ఉండటం వేరు.

పిల్లలు తగ్గినంత మాత్రాన తలసరి ఆదాయం దానంతటదే పెరగదు. తల్లికి మిగిలిన సమయం డబ్బులొచ్చే పనిగా మారాలి. దానికి ఫోన్ ఎంత సాయపడుతుందో కెన్యా చూపించింది. అక్కడ 2007లో ఎం-పెసా వచ్చింది. ఇంటర్నెట్ అక్కర్లేదు, మామూలు ఫోన్‌తోనే డబ్బు పంపుకోవచ్చు, దాచుకోవచ్చు. దానివల్ల సుమారు 1,94,000 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయని, 1,85,000 మంది మహిళలు సేద్యం వదిలి వ్యాపారాల్లోకి మారారని ఆర్థికవేత్తలు తవ్‌నీత్ సూరి, విలియం జాక్ 2016లో లెక్కగట్టారు. సొంత డబ్బు సొంత ఫోన్‌లో ఉండటమే అక్కడ అసలు బలం.

మన దగ్గర డ్వాక్రా సంఘాలున్నాయి, యూపీఐ ఉంది. అయినా పచ్చళ్లు పెట్టి అమ్మే మహిళ ఖాతాకు భర్త నంబరో కొడుకు నంబరో ఇచ్చి ఉంటే, ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. అతను పొలంలో ఉంటే ఆమె బేరం ఆగుతుంది. చెల్లింపుల చరిత్ర ఆమె పేరున లేకపోతే, రేపు పెద్ద అప్పు కావాలన్నా బ్యాంకుకు చూపడానికి ఆధారం ఉండదు.

ప్రభుత్వం ముందుగా సంఘంలోని ప్రతి మహిళకు తన పేరిట సిమ్, తన నంబరుతోనే ఖాతా ఉండేలా చూడాలి. మూడో బిడ్డ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.