ఏ జాగ్రత్త ఎంత గట్టిదో కాగితం మీదే రాయండి

మూలకణ మార్పిడి చేయించుకుని మెయిన్‌లాండ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల డిశ్చార్జి కాగితాలు అండమాన్‌లో, జంగ్లీఘాట్‌లోని నా మందుల షాపుకి అప్పుడప్పుడూ వస్తుంటాయి. మా మేనల్లుడిదీ వచ్చింది. ఎప్లాస్టిక్ ఎనీమియాకు వాడి చెల్లెలి మూలకణాలు ఎక్కించారు. కాగితంలో ఉన్నవి ఇవి: జ్వరమొస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, సెప్ట్రాన్ మందు మానకూడదు, పచ్చి కూరలూ పళ్లూ తినకూడదు, మట్టి ముట్టుకోకూడదు, నెలనెలా వచ్చి చూపించుకోవాలి. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, వరసగా. "ఏది తప్పినా ఒకటేనా మావయ్యా?" అన్నాడు.

ఒకటి కాదు. ఆ సంగతి డాక్టర్లకు తెలుసు. మార్పిడి రోగులకు ఇన్‌ఫెక్షన్లు రాకుండా 2009లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి తెచ్చిన మార్గదర్శకాల్లో సలహాల పక్కన ఒక అక్షరం, ఒక రోమన్ అంకె ఉంటాయి. అక్షరం సలహా ఎంత గట్టిదో చెబుతుంది, అంకె దాని వెనక రుజువు ఎంతుందో చెబుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే 'గ్రేడ్' పద్ధతి ఇంకో మాట కూడా అంటుంది: సలహా బలహీనమైనదైతే రోగి ఇష్టాన్ని, వీలును అడిగి నిర్ణయించాలి. పుస్తకంలో ఉన్న ఆ అక్షరం రోగి చేతి కాగితానికి వచ్చేసరికి ఏమైపోతోంది?

పళ్ల సంగతే చూడండి. ఇటలీలో 222 మంది మార్పిడి రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పథ్యం పెట్టి, రెండో జట్టుకు శుభ్రంగా కడిగిన పళ్లూ కూరలూ పెట్టారు. పథ్యం లేనివాళ్లలో ఇన్‌ఫెక్షన్లు పెరగలేదని 2023లో తేలింది. ఆ మాట విని మావాడి ముందు జామకాయ పెట్టమనను. అది ఆస్పత్రి వార్డులో, అక్కడి నీళ్లతో జరిగిన పరీక్ష. మన కుళాయికి నేరుగా వర్తించదు. ఒకచోటి రుజువును ఇంకోచోటికి తెస్తే దాని విలువ కొంత తగ్గించాలని గ్రేడ్ పద్ధతే చెబుతుంది.

మట్టి మాట వేరు. దానికి ఇక్కడి రుజువే ఉంది. 1980ల చివర్లో డిగ్లిపూర్ వైపు జనాన్ని భయపెట్టిన 'అండమాన్ హెమరేజిక్ ఫీవర్' చివరికి లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎలుకల మూత్రం కలిసిన బురద నీటితో వచ్చే జబ్బు అది. మన ఐసీఎంఆర్ కేంద్రం శాస్త్రవేత్తలు వారానికోసారి కొందరికి డాక్సీసైక్లిన్, కొందరికి ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చి చూసి 2000లో ఫలితాలు ప్రకటించారు. డాక్సీసైక్లిన్ సూక్ష్మజీవి సోకకుండా ఆపలేదు గానీ, మంచాన పడేవాళ్లను తగ్గించింది. ఆరోగ్యవంతుల మాటే అది. మార్పిడి అయినవాడు వరిచేలో దిగకూడదనడానికి ఇంకేం కావాలి?

ఇక జ్వరం. రోగుల్లో సగంమందిని ఇంట్లోనే ఉంచి ఏమవుతుందో చూసే పరీక్ష ఎవరూ చెయ్యరు, చెయ్యకూడదు కూడా. అలాంటి రుజువు లేకపోయినా సలహా మాత్రం అన్నిటికన్నా గట్టిది. ఇక్కడికి రావడానికి పగలంతా పట్టే ట్రంక్ రోడ్డు, దారిలో వాహనాలను వేళ ప్రకారం వదిలే కాన్వాయ్... డిగ్లిపూర్ మనిషికి 'వెంటనే' అన్న ఒక్క ముక్క సరిపోదు. మొదట ఏ ఆస్పత్రికి పోవాలి, అక్కడ ఏ ఇంజెక్షన్ మొదలుపెట్టాలి అన్నది కూడా రాసివ్వాలి.

నెలనెలా చూపించుకోవడం మన దగ్గర విమానం టిక్కెట్టుతోనో, చెన్నై ఓడలో మూడు రోజుల ప్రయాణంతోనో పని. రక్తపరీక్ష ఇక్కడే చేయించి ఫోన్లో మాట్లాడితే చాలే నెలలు ఏవో డాక్టరే చెప్పాలి.

ఫలానా సలహా బలహీనమని కాగితం మీద రాస్తే అన్నీ మానేస్తారని ఒక డాక్టరుగారు నాతో అన్నారు. ఇప్పుడు మానడం లేదా అండీ? ఏవి మానాలో వాళ్లంతట వాళ్లే ఎంచుకుంటున్నారు. కనీసం ఆరు నెలలు వాడాల్సిన సెప్ట్రాన్ కోసం రెండో నెలలోనే రావడం మానేసినవాళ్లను చూశాను. ఎందుకమ్మా అంటే "ఒంట్లో బాగానే ఉంది కదా" అన్నారు. అలాంటి ఒక ఇంట్లో మార్పిడి అయిన పిల్లాడికి అరటిపండు మాత్రం ఏడాదైనా పెట్టలేదు.